ఆవులకి అలవాటైన గొంతు

మా కొట్టంలో పాలు తీసే వేళ రేడియో ఆపకూడదు, స్టేషను మార్చకూడదు. ఇది మా తాత పెట్టిన కట్టుబాటు. బెదురు పుడితే ఆవు చేపదు, పాలు పొదుగులోకి దించదు. రోజూ వినే గొంతు వినబడుతూ ఉంటే మాత్రం తలుపు కిర్రుమన్నా, పిల్లి అడ్డం దూకినా పట్టించుకోకుండా నెమరు వేసుకుంటూ నిలబడుతుంది. తాత రోజుల్లో ఆ స్టేషన్లో అకార్డియన్ పాటలు వచ్చేవి, మధ్యమధ్య వాతావరణమూ పందుల ధరా చెప్పేవాళ్ళు. తర్వాత ఎవరో దాన్ని కొనేశారు. పాటలు పోయి, తెల్లవారుజామున డర్క్ అనేవాడు మాట్లాడటం మొదలుపెట్టాడు. వాడి గొంతు వెన్న రాసినట్టు ఉంటుంది. కొన్నాళ్ళు ఆవులు చెవులు రిక్కించి విన్నాయి, ఆనక అలవాటు పడిపోయాయి. వాడి మాటలు ఆవులకి అర్థం కావు. మా నాన్నకి అవుతాయి. తేడా అంతే.

మిన్నెసోటాలో మేముండే మూల, నేల పైకి నల్లగా నిగనిగలాడుతూ ఉంటుంది గానీ కిందంతా చిల్లులు పడ్డ సున్నపురాయి. పొలం మధ్యలో ఉన్నట్టుండి నేల కుంగి గొయ్యి పడుతుంది. ఆ గోతిలో ఏది పోసినా దిగువన ఎవరి బావిలోనో తేలుతుంది. మా మిట్టపొలంలో అలాంటి గొయ్యి ఒకటి ఉంది. దాని దిగువన, రోడ్డుకి అవతల, మా మేనత్త కార్లిస్ ఇల్లు.

అత్తయ్య నాన్నకి అక్క. బతుకంతా కారులో తిరిగి ఊళ్ళకి ఉత్తరాలు పంచింది. మావయ్య పోయాక కూతురినీ మనవరాలినీ ఇంట్లో పెట్టుకుంది. ఆ వేసవిలో నెలల పిల్ల పెదాలు నీలంగా మారితే డాక్టరు బావినీళ్ళు పరీక్ష చేయించి, వాటితో పాలపొడి కలపొద్దన్నాడు. పశువుల పేడలోనూ ఎరువులోనూ ఉండే నైట్రేటు ఆ నీళ్ళలో మోతాదు మించి ఉందట. అప్పటినుంచి అత్తయ్య పట్నంలో ఫైర్ స్టేషను కుళాయి నుంచి క్యాన్లతో నీళ్ళు తెచ్చుకుంటోంది.

ఆగస్టు చివర్లో ఒక మధ్యాహ్నం ఆమె మా వంటింట్లోకి సంచీడు గుమ్మడికాయ జాతి కాయలు పట్టుకొచ్చింది. ఆ నెలలో మా వైపు ఎవరికీ అవి అక్కర్లేదు, అందరూ ఎదుటివాళ్ళ గుమ్మంలో పెట్టి పారిపోతుంటారు. ఆమె మాత్రం పారిపోకుండా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఒరేయ్, కౌంటీ కమిషనరు ఎన్నికల్లో నిలబడుతున్నాను. నలుగురి నోటా వినేకంటే నా నోటే విను" అంది నాన్నతో.

"గెలుస్తావా?"

"ఈ కౌంటీలో సగం కుక్కలు నాకు తెలుసు. ఇక మనుషుల సంగతే చూడాలి."

నాన్న నవ్వాడు. ఆమె తన మనసులో ఉన్నది చెప్పింది. గోతుల చుట్టూ కొంత మేర ఎరువుగా పేడనీళ్ళు పోయకూడదని రూలు తేవాలి. మా మిట్టపొలమూ అందులోకి వస్తుంది. రూలు వచ్చినా రాకపోయినా ఈ ఏడు మాత్రం ఆ గోతి దగ్గర పోయొద్దని అడిగింది. నాన్న కాఫీలో చెంచా తిప్పి తిప్పి, కోతలయ్యాక చూద్దాంలే అన్నాడు. మా ఇంట్లో ఆ మాటకి ముప్పావు వంతు సరేననే అర్థం. అత్తయ్యకి అది తెలుసు. మా అమ్మ ఫెర్న్‌కీ తెలుసు. అందుకే ఆ కాయలు కిక్కురుమనకుండా తీసుకుంది.

ఆ రూలు అసలు పేరు భూవినియోగ నిబంధనల సవరణ. ఆ పేరుతో దాన్ని పిలిచినవాడు ఒక్కడూ లేడు. వారం తిరక్కముందే డర్క్ దానికి 'తాళం చట్టం' అని పేరు పెట్టాడు. పొలాలకి తాళాలు పడతాయట. అత్తయ్యని 'తాళాలావిడ' అన్నాడు. గొలుసు గలగలలాడే చప్పుడు ఒకటి పట్టుకొచ్చి, ఆమె పేరు వచ్చినప్పుడల్లా వేసేవాడు. నవ్వొచ్చేలానే ఉండేది. కొట్టంలో నేనూ ఒకటి రెండుసార్లు నవ్వాను.

నగరం నుంచి వచ్చే పెద్ద పత్రిక ఇంకో దారి పట్టింది. వాళ్ళ ఫొటోగ్రాఫరు పొద్దుగుంకే వేళ రోడ్డు మీంచి మా కొట్టాన్ని ఫొటో తీసుకుపోయాడు. ఆ ఫొటోలో మా కొట్టం ఏదో ఫ్యాక్టరీలా, ఆవుల వెనక లేచే ఆవిరి పొగలా కనబడింది. పైన పెద్ద అక్షరాలతో 'పసిబిడ్డల నీళ్ళలో విషం' అని ఉంది. లోపల ఒకచోట మా పేరు, పక్కనే 'పేడ సామ్రాజ్యం' అన్న మాట. మా సామ్రాజ్యంలో సెలవంటే ఏంటో ఎవరికీ తెలీదు. పైకప్పు కారే చోట ఇప్పటికీ బకెట్టు పెడతాం. నాన్న ఆ కాగితాన్ని బల్ల మీద పరిచి అరచేత్తో సాపు చేస్తూ చాలాసేపు చూశాడు. మా నాన్నకి కోపం వస్తే తెలుస్తుంది. అది కోపం కాదు. నలుగురిలో ఒంటిమీద బట్ట లాగేసినట్టు కూర్చున్నాడు.

సెప్టెంబరులో పచ్చి మొక్కజొన్న కోసి పశువుల మేతకి పాతర వెయ్యడానికి మూడిళ్ళవాళ్ళం కలుస్తాం. కోసే యంత్రం పొరుగు రైతు వర్లిన్‌ది, ట్రాక్టర్లు మావి, లారీ అత్తయ్యది. లారీ ఆమే నడుపుతుంది. ఆ రోజు మధ్యాహ్నం అందరం మా ఇంట్లో భోజనానికి కూర్చున్నాం. వర్లిన్‌కి నోరు ఊరుకోదు.

"తాళాలు తెచ్చావా కార్లిస్? గేటుకి వేస్తావా, ఆవులకే వేస్తావా?" అన్నాడు.

"నీ నోటికి సరిపడే సైజు దొరకలేదు వర్లిన్" అంది అత్తయ్య, బంగాళాదుంపలు వడ్డించుకుంటూ. అందరం నవ్వాం. నాన్న నవ్వలేదు.

"నవ్వులాట కాదిది. తాళం చట్టం వస్తే మేమెలా బతకాలి?"

అత్తయ్య గరిటె గిన్నెలో పెట్టేసింది. "ఏ చట్టం?"

"తాళం చట్టం."

"ఆ పేరు ఎవరు పెట్టార్రా దానికి? నేనీ బల్ల దగ్గరే కూర్చుని చెప్పినప్పుడు దానికి పేరే లేదు."

"అందరూ అంటున్నదేగా."

"అందరూ నిన్ను విషం చల్లేవాడంటున్నారు. నేనూ అననా మరి?"

 అమ్మ రొట్టెల పళ్ళెం ఎవరికివ్వాలో తెలీక చేతిలోనే పట్టుకుని నిలబడింది.

"అనేశావుగా" అన్నాడు నాన్న.

ఆమె లేచి బయటికి వెళ్ళింది. పని వదిలి మాత్రం వెళ్ళలేదు. సాయంత్రం దాకా తన వంతు లారీలన్నీ తోలి, చివరి కాఫీకి ఆగకుండా రోడ్డు దాటేసింది.

వాళ్ళిద్దరూ కొట్లాడుకోవడం నాకు కొత్త కాదు. నాన్నమ్మ గోడ గడియారం గురించి, కంచె గురించి, చర్చిలో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్న దాని గురించి పోట్లాడుకున్నవాళ్ళే. మొండి గాడిదవని ఆమె అంటుంది, నువ్వు పెద్ద గాడిదవని ఈయన అంటాడు. రెండ్రోజులకి ఆమె ఇంటి నుంచి తీపి రొట్టె ఏదో వస్తుంది, ఖాళీ పళ్ళెంలో ఇక్కణ్ణుంచి గుడ్లు వెళ్తాయి. ఆ తిట్లు వాళ్ళవి. ఎక్కడ తగలాలో, ఎక్కడ తగలకూడదో వాళ్ళకి తెలుసు. ఈసారి ఇద్దరూ విసురుకున్నవి ఎవరో ఎక్కడో కూర్చుని తయారుచేసినవి. అన్నవాళ్ళకే అవి ఎంత లోతు దిగుతాయో తెలీలేదు. ఆ వారం రొట్టె రాలేదు. పై వారమూ రాలేదు.

అక్టోబరులో డర్క్ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఎన్నికల ముందు శుక్రవారం కార్యక్రమంలో తాళాలావిడ తమ్ముడు మాట్లాడితే బాగుంటుందన్నారు. నాన్న ఒప్పుకున్నాడు. పోటీలో ఉన్నది అత్తయ్యా, ఇప్పుడున్న కమిషనరూ ఇద్దరే. మా పల్లె రోడ్డు మలుపుల వెంట ఉండే ఇళ్ళన్నిట్లో, కొట్టాలన్నిట్లో పొద్దున మోగేది ఆ స్టేషనే. సొంత తమ్ముడే కాదంటే అత్తయ్య పని అయిపోయినట్టే.

"కౌంటీ అంతా వింటుంటే తోడబుట్టినదాని మీద చెప్తావా ఓర్లిన్?" అంది అమ్మ.

"ఉన్నదే చెప్తాను."

"ఆ డర్క్‌ని ఓ ఆవుని పితికి రమ్మను ముందు, ఉన్నదేంటో తెలుస్తుంది."

నాన్న కొట్టంలోకి వెళ్ళాడు. నాలుగు రోజులకి తొలిచూలు పెయ్య ఒకటి ఆయన్ని గోడకేసి నొక్కింది. భుజం ఎముక విరిగింది. చెయ్యి మెడకి కట్టి కుర్చీలో కూర్చోబెట్టారు. ఎప్పుడైనా సాయానికి వచ్చే మనిషి వేరే ఊరు కోతలకి పోయాడు. అమ్మ మోకాళ్ళతో దూడలకి పాలు పట్టడమే కష్టం. అన్ని ఆవులకి నేనొక్కదాన్నే.

మూడో పూటకి నా చేతులు చచ్చుబడిపోయాయి. పొద్దున్నే మంచులో తలుపు తోసుకుని అత్తయ్య వచ్చింది, రబ్బరు బూట్లు వేసుకుని. నేను పిలవలేదు. అమ్మ పిలిచిందో లేదో ఇప్పటిదాకా చెప్పలేదు. ఆమె బకెట్లో గుడ్డ ముంచి పిండుకుని, అవతలి వరస తనదన్నట్టు వెళ్ళి మొదటి ఆవు పక్కన కూర్చుంది. చిన్నప్పుడు ఆ కొట్టంలో పెరిగిన మనిషే. పొదుగులు తుడవడం, పాల మిషను కప్పులు తగిలించడం చేతులు మరిచిపోవు.

రేడియోలో డర్క్ ఆమె గురించే మాట్లాడుతున్నాడు. గొలుసు గలగలలాడింది. ఎవరో ఫోన్ చేసి, ఆ పిల్ల జబ్బంతా కట్టుకథని, ఓట్ల కోసం పసిపిల్లని అడ్డం పెట్టుకున్నారని అన్నాడు. నేననడం లేదు మిత్రులారా, అడుగుతున్నానంతే, అన్నాడు డర్క్. అత్తయ్య చేతిలో గుడ్డ ఆగలేదు. నాకే మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

పాలగది గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో చూసుకోలేదు.

"సోల్వే, దాన్ని ఆపెయ్" అన్నాడు నాతో.

నేను రేడియో దగ్గరికి వెళ్ళబోయాను.

"ముట్టుకోకు" అంది అత్తయ్య, తల తిప్పకుండానే. "ఈ పెయ్య నిన్ననే ఈనింది. గొంతు పోతే బెదిరి చేపదు. పొదుగు గట్టిపడితే రేపు నువ్వొచ్చి పిండుతావా, ఒంటి చేత్తో?"

నాన్న గుమ్మంలోనే ఆగాడు. డర్క్ ఇంకా చాలా అన్నాడు. ఆమె ఆ పెయ్యకి కప్పులు తగిలించి, దాని తుంటి మీద చెయ్యి వేసి, గొట్టంలోకి తెల్లగా పాలు దిగేదాకా అలాగే కూర్చుంది. తర్వాత పక్క ఆవు దగ్గరికి జరిగింది.

అలా రోజూ వచ్చింది. నాన్న కూడా రోజూ వచ్చి పాలగదిలో బోర్లించిన బకెట్టు మీద కూర్చునేవాడు. అక్కా తమ్ముళ్ళ మధ్య మాటల్లేవు. ఒక్కటి మాత్రం గమనించాను. మా ఇంట్లో తాళం అనే మాట మళ్ళీ వినబడలేదు.

ఆ శుక్రవారం పొద్దున నాన్న వంటింట్లో ఫోన్ దగ్గర ఉన్నాడు, మేమిద్దరం కొట్టంలో. డర్క్ పరిచయం అయ్యాక రేడియోలోంచి నాన్న దగ్గు వినబడింది. ఆవులు ఒక్కసారిగా తలలెత్తి అటు చూశాయి. ఆయన్ని గొంతుతోనే గుర్తుపడతాయి, మనిషే కనబడలేదు.

"సొంత అక్కే నీ పొలానికి తాళం వేస్తానంటుంటే ఎలా ఉంది ఓర్లిన్?" అని అడిగాడు డర్క్.

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. ఇంట్లో అయితే అది మాకు మామూలే. రేడియోలో అయితే స్టేషను పోయిందేమో అనుకున్నాను.

"మా అక్క బావిలో నీళ్ళు బాలేవు. మా మిట్టపొలం గోతిలోంచి పోయినవే అయ్యుండొచ్చు. ఈ ఏడు అక్కడ పోయను."

"అంటే నిన్ను భయపెట్టారన్నమాట."

"లేదు. అడిగింది."

"ఒత్తిడి చేసింది."

"అడిగింది. ఆగస్టులో. మా వంటింట్లో కూర్చుని."

డర్క్ నవ్వాడు. వాడిది గొప్ప నేర్పు, గొంతులో ఒక్క పిసరు కోపం ఉండదు. "విన్నారుగా మిత్రులారా. చట్టం ఇంకా రానే లేదు, మొదటి తాళం తమ్ముడి పొలానికే పడింది. పాపం, మనిషి ఎంత నలిగిపోయాడో ఆ గొంతులోనే తెలుస్తోంది." గొలుసు మోగింది. ఆ వెంటనే విత్తనాల ప్రకటన వచ్చింది.

అత్తయ్య ఆవు డొక్కకి నుదురు ఆనించుకుని ఉండిపోయింది.

"బాగానే చెప్పాడు" అంది కాసేపటికి. ప్రకటన అయిపోయాక ఇంకో మాట అంది. "చెప్పకపోయినా బాగుండేది."

ఆ శనివారం, ఆదివారం, సోమవారం నాన్న గొంతు గంటకోసారి ఆ స్టేషన్లో వచ్చింది. 'ఈ ఏడు అక్కడ పోయను', తర్వాత గొలుసు చప్పుడు, తర్వాత అవతలి అభ్యర్థికి ఓటెయ్యమని. 'అడిగింది' అన్న మాట ఎక్కడా లేదు. పత్రికలో ఆదివారం వచ్చింది. పైన పెద్దగా, 'విషం మాదే: పాడిరైతు ఒప్పుకోలు'. నాన్న ఆ పేపరు వాళ్ళతో ఒక్క ముక్క మాట్లాడలేదు. మాట్లాడినట్టే రాశారు. అత్తయ్య పక్షాన ఉన్నామనే రాశారు పైగా.

సోమవారం వర్లిన్ ఫోన్ చేశాడు. పేడ తొట్టి ఖాళీ చేయడానికి ఏటా పంపే పెద్ద ట్యాంకర్ ఈసారి పంపనన్నాడు. తిట్టలేదు. నువ్వు ఒప్పేసుకున్నావు ఓర్లిన్, రేపు నా పొలంలో గొయ్యి చూపించి నువ్వెందుకు ఒప్పుకోవని అడుగుతారు, నా పిల్లలకి నేనేం చెప్పాలి, అన్నాడు. నాన్న వింటూ ఊఁ కొట్టాడు. వర్లిన్ మాటలోనూ అబద్ధమేమీ లేదు.

అత్తయ్య ఓడిపోయింది. మరీ ఎక్కువ తేడాతో కాదు. మా మలుపుల వెంట ఇళ్ళే ఆమెని ఓడించాయి, ఏళ్ళ తరబడి వానలో మంచులో ఉత్తరాలు ఇచ్చిన ఇళ్ళే. మర్నాడు పొద్దున పాలు తీయడం అయ్యాక ఆమె పాలగదిలో చేతులు కడుక్కుంటూ, మొదటిసారి నాన్న వైపు తిరిగింది.

"గోతిలో పోయకుండా ఊరుకుంటే చాలేది కదరా. రేడియోలో ఎందుకు చెప్పావు?"

"ఉన్నమాటే చెప్పానక్కా."

"ఉన్నమాటే. అందుకే నిన్ను తిట్టడానికి కూడా లేదు నాకు."

తువ్వాలు మేకుకి తగిలించి వెళ్ళిపోయింది.

నేల గడ్డకట్టే లోపు తొట్టి ఖాళీ చేయాలి. పెద్ద ట్యాంకర్ లేదు. మిట్టపొలంలో పోయనని నాన్న కౌంటీ అంతటికీ చెప్పి ఉన్నాడు. మిగిలింది గట్టు అవతలి పొలం. అక్కడ గోతుల్లేవు, బావుల్లేవు. కానీ మా పాత చిన్న పేడనీళ్ళ బండితో ఎన్ని తిరుగుళ్ళో. మధ్యలో పెయ్యలు మేసే బీడు దాటాలి, ప్రతిసారీ గేటు తీయాలి, వెయ్యాలి. నేను ట్రాక్టరు తోలుతుంటే నాన్న పక్కన చక్రం కప్పు మీద కూర్చుని, గేటు దగ్గర దిగి, ఒంటి చేత్తో కొక్కెం లాగేవాడు. మూడో తిరుగుడికే ఆయన మొహం నల్లబడిపోయింది.

నాలుగోసారి వెళ్ళేసరికి గేటు తీసే ఉంది. అత్తయ్య పాత పోస్టాఫీసు కోటు వేసుకుని దాని పక్కన నిలబడి ఉంది. మేం దాటగానే వేసింది. తిరిగొస్తుంటే తీసింది. కంపు అందరి మీదా ఒకేలా ఉంది. రోడ్డు మీద వెళ్ళే కార్లు మమ్మల్ని చూసి మెల్లగా పోతున్నాయి. మామూలుగా అయితే స్టీరింగు మీంచి ఒక వేలెత్తి పలకరిస్తారు. ఆ రోజు ఒకరిద్దరే ఎత్తారు.

మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మింది. నాన్న కిందికి దిగి, కాళ్ళు జాడించుకుంటూ గేటుకి ఆనుకుని నిలబడ్డాడు. నేను ఇంజను ఆపేశాను.

"పాపకి ఎలా ఉంది?"

"బాగుంది. క్యాన్ల నీళ్ళే."

"బావి ఎప్పటికి బాగవుతుందన్నారు?"

అత్తయ్య చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది. "పరీక్ష చేసినతను వచ్చి చెప్పాడు. గోతిలో పోసింది వెంటనే వస్తుందట. పొలం మీద ఇంకింది మాత్రం రాతిలోంచి దిగడానికి ఏళ్ళు పడుతుందట. ఇప్పుడు నా బావిలో ఉన్నదాంట్లో మన నాన్న తన రోజుల్లో పోసింది కూడా ఉందట."

నాన్న తల తిప్పి మిట్ట వైపు చూశాడు. కోసేసిన మొక్కజొన్న మోళ్ళు వరసలు వరసలుగా కొండ మీదికి పోయి, గోతి దగ్గర వంక తిరిగి, మళ్ళీ కలుసుకున్నాయి. పొలం పైకి ఎప్పటిలానే ఉంది.

"అయితే నేను పోసింది ఎవరు తాగుతారక్కా?"

ఆమె గేటు బార్లా తీసి పట్టుకుంది.

"బండి తియ్యవే సోల్వే. తొట్టి ఇంకా సగం ఉంది" అంది.